ఏసీపీ షీట్ల మీద పెద్ద ప్రింటెడ్ వినైల్: నీళ్లతోనా, పొడిగానా?

అంచురేఖ:
3 మి.మీ. ఏసీపీ షీట్లు (రెండు అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉన్నవి) మూడు, ఒక్కోటి 1220 × 2440 మి.మీ., నిలువుగా పక్కపక్కన. పాలిమెరిక్ వినైల్ (వెనక జిగురున్న ప్లాస్టిక్ ఫిల్మ్), 1370 వెడల్పు రోల్, ఈకో సాల్వెంట్ (ద్రావకం ఉన్న సిరా) ప్రింట్, పైన లామినేషన్. షీటుకొక ప్రింట్, చుట్టూ 15 మి.మీ. బ్లీడ్ (తర్వాత కోసేసే అదనపు అంచు). పై అంచున మాస్కింగ్ టేప్ వేసి, పొడిగానే పైనుంచి కిందికి అతికించాం. డిజైన్ అడుగున అడ్డంగా ఒక పట్టీ ఉంది. మొదటి రెండు షీట్లలో అది సరిగ్గా కలిసింది. మూడోదాంట్లో 4 మి.మీ. కిందికి దిగింది. ఇంత పెద్ద ముక్కలకు నీళ్లే మేలా?

కోతబ్లేడు:
నీళ్లే మేలు. లీటరు నీళ్లలో బేబీ షాంపూ రెండు మూడు చుక్కలు, అంతే. షీటు మీదా, బ్యాకింగ్ పేపర్ తీసిన జిగురు మీదా పల్చగా కొట్టండి. ఇద్దరు పట్టుకుని పరిస్తే వినైల్ తేలుతుంది, గీత మీదికి వచ్చేదాకా జరుపుకోవచ్చు. తర్వాత మధ్య నుంచి అంచులకు, ఒక గీతలో సగం మీద ఇంకో గీత పడేలా స్క్వీజీ (అదిమి లాగే పలక) లాగండి. పొడిగా వేస్తే తాకినచోటే పట్టేస్తుంది. లేపి మళ్లీ వేయబోతే సాగుతుంది. మీకు జరిగింది అదే.

నీలిటేపు:
అన్నా, ముందు వినైల్ ఏదో అడగాలి. ఎయిర్ రిలీజ్ జిగురైతే నీళ్లు తగలకూడదు. గాలి పోవడానికి ఉన్న సన్నని దారుల్లో నీళ్లు నిలిచిపోతాయి. మామూలు జిగురైనా, వెనక అల్యూమినియం, ముందు లామినేషన్. లోపల మిగిలిన తడి ఎటు పోతుంది? అంచులు పట్టవు, ఆ రోజే బ్లేడు పెట్టి కోస్తే వినైల్ లేచి వస్తుంది.

అసలు లోపం టేప్ వేసిన చోటులో ఉంది. పై అంచున 1220 పొడవునా టేప్ వేసినప్పుడు ఒక కొస 1 మి.మీ. తప్పితే, 2440 కిందికి వచ్చేసరికి ప్రింట్ 2 మి.మీ. పక్కకు పోతుంది. అదే టేప్ షీటు మధ్యలో అడ్డంగా వేస్తే రెండు వైపులా 1220 చొప్పునే, తప్పు 1 మి.మీ. దాటదు. 50 మి.మీ. వెడల్పు టేప్ వేసి, ఒక సగాన్ని మడిచి, బ్యాకింగ్‌ను టేప్ దాకా విప్పి కోసేయండి. ఆ సగం అంటించాక టేప్ తీసి రెండో సగం.

పెద్దరోలర్:
రోలర్ టేబుల్ (రోలర్‌తో అదిమి అంటించే బల్ల) ఉంటే రెండు గొడవలూ లేవు.

కోతబ్లేడు:
అందరికీ టేబుల్ ఉండదు. నీలిటేపు గారూ, అంచులు పట్టకపోవడం నీళ్ల తప్పు కాదు, సబ్బు తప్పు. మూతలకు మూతలు షాంపూ పోస్తే ఏ జిగురూ పట్టదు. మూడు చుక్కలు దాటకూడదు. గట్టి స్క్వీజీతో రెండుసార్లు లాగి, మర్నాడు అంచు కోస్తే ఏమీ లేవదు.

నీలిటేపు:
చుక్కల లెక్క వదలండి. జిగురు పూర్తిగా పట్టడానికి పొడిగానే 24 గంటలు కావాలి, తడిస్తే ఇంకా ఎక్కువ. పని ఇచ్చినవాడు అంతసేపు ఆగుతాడా?

వేసవిఎండ:
షీటు ఎండలో పెరిగి ఉండొచ్చుగా? ఏసీపీ 100 డిగ్రీల తేడాకు మీటరుకు సుమారు 2.4 మి.మీ. పెరుగుతుంది.

నీలిటేపు:
ఆ లెక్కన 20 డిగ్రీలకు 2440 మీద 1.2 మి.మీ. కూడా రాదు. పైగా మూడు షీట్లూ ఒకే చోట ఉన్నాయి, పెరిగితే మూడూ పెరుగుతాయి.

కోతబ్లేడు:
అయితే సాగింది చేతుల్లోనే. పొడిగా అంటించేటప్పుడు బిగించి లాగడం మీ పద్ధతిలోనే ఉంది. చేతికి పట్టు కుదరనివాళ్లకు నీళ్లు కాపాడతాయని చెబితే మీకెందుకంత కోపం?

నీలిటేపు:
కోపం ఎందుకంటే, తేడా వచ్చిన ప్రతిసారీ అంటించినవాడి చేతి మీదికే వేలు పోతుంది. లామినేషన్ ఉన్న పాలిమెరిక్ వినైల్‌ను చేత్తో 4 మి.మీ. పొడవునా సమానంగా సాగదీయడం కుదరదు. చేతి తప్పైతే ఒకచోట గుంజుకుపోతుంది, ముడత కనిపిస్తుంది. అంచురేఖ గారూ, పై అంచు నుంచి పట్టీ దాకా మూడు షీట్లలోనూ కొలవండి. మధ్యలో గీతలుంటే వాటినీ కొలవండి.

అంచురేఖ:
కొలిచాను. మొదటి రెండింటిలో పై అంచు నుంచి పట్టీకి 2200. మూడోదాంట్లో 2204. మధ్యలో 550కి ఒకటి చొప్పున అడ్డగీతలున్నాయి. మూడోదాంట్లో అవి 551, 1102, 1653 దగ్గర పడ్డాయి. ముడతలు లేవు. మూడో ప్రింట్ రోల్ మారాక తీసిందని ఇప్పుడే తెలిసింది.

నీలిటేపు:
ప్రతి 550కి 1 మి.మీ. చొప్పున సమానంగా పెరిగింది. ఇది చేతి పని కాదు. ప్రింటర్ ఫీడ్ (రోల్‌ను ముందుకు జరిపే కొలత) తేడా, లేదా లామినేటర్‌లో బిగుతు ఎక్కువై రోల్ పొడవునా సాగింది. మెషిన్ దగ్గర జరిగిన తప్పు.

ప్రింట్‌గది:
ఇంతవరకూ చదివి ఊరుకున్నాను. రోల్ మారితే ఫీడ్ కరెక్షన్ మళ్లీ చేయాలి, అది మా పనే, ఒప్పుకుంటాను. కానీ సాల్వెంట్ ప్రింట్‌ను 24 గంటలైనా వదులుగా ఆరనివ్వకుండా "లామినేట్ చేసి ఇచ్చెయ్" అని తొందరపెట్టేది ఎవరు? సాల్వెంట్ లోపలే ఉండిపోతే జిగురు మెత్తబడుతుంది, వినైల్ మెత్తబడి లాగితే సాగుతుంది, తర్వాత అంచులు చుట్టుకుంటాయి. ఇంకో మాట: బ్యాకింగ్ తీయకముందు మూడు ప్రింట్లూ పక్కపక్కన పరిచి కొలత టేప్‌తో కొలవడానికి ఐదు నిమిషాలు చాలు. ఎవరూ కొలవరు.

నీలిటేపు:
ఆ కొలత మెషిన్ దగ్గరే తీసి, ప్రింట్ వెనక రాసి ఇవ్వచ్చు కదా! సరుకు ఇచ్చినవాడు కొలవకుండా, తీసుకున్నవాడు కొలవలేదనడం న్యాయం కాదు. పార్టీ (పని ఇచ్చినవాడి) ముందు నిలబడేది మేము.

ప్రింట్‌గది:
మేం కొలిచి ఇచ్చినా, లామినేషన్ బయట ఇంకొకరి దగ్గర చేయిస్తే అక్కడ సాగుతుంది. ఆ తర్వాత ప్రింట్‌ను ఆఖరుగా చేతిలోకి తీసుకునేది మీరు. చివరి కొలత చివరి చేతిదే.

కోతబ్లేడు:
మూడో ప్రింట్ 4 మి.మీ. పొడవైతే నీళ్లు కూడా దాన్ని పొట్టి చేయలేవు, ఒప్పుకుంటాను. మామూలు జిగురుకు మాత్రం నా మాట మారదు: మూడు చుక్కలు.

అంచురేఖ:
పార్టీ దగ్గర ఆ పట్టీయే ముందు కంటపడుతుంది. మూడోదాన్నే మళ్లీ ప్రింట్ చేయించనా?

ప్రింట్‌గది:
ఒక్కటే వద్దు. రోల్ మారితే రంగు కూడా కొద్దిగా తేడా వస్తుంది. మూడూ ఒకే రోల్ మీద, ఒకే వరుసలో, డిజైన్ తల ఒకే వైపు ఉంచి తీయండి. ఒకరోజు వదులుగా ఆరనిచ్చి, తక్కువ బిగుతుతో లామినేట్ చేయించండి.

నీలిటేపు:
మూడు షీట్లనూ ముందే కలిపి బిగించి, రక్షణ ఫిల్మ్ తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరేలోపే పొడిగుడ్డతో ఇంకోసారి తుడవండి. తర్వాత పట్టీ ఎత్తులో మూడింటి మీదుగా ఒకే పొడవాటి గీత పెన్సిల్‌తో సన్నగా గీయండి. టేప్‌ను పై అంచున కాదు, ఆ గీత దగ్గర వేయండి. 1 మి.మీ. తేడా మిగిలినా అది పైకి, బ్లీడ్‌లోకి పోతుంది, పట్టీ మాత్రం కలుస్తుంది. లామినేటర్‌లోంచి వచ్చాక 2200 ఉందో లేదో ఈసారి మీరే దగ్గరుండి కొలిపించండి.

ప్రింట్‌గది:
కొలిపించడం కాదు, కొలవండి.