వరి, వడ్లు, బియ్యం, అన్నం: కాంటనీస్, ఎస్పెరాంటోల మధ్య తెలుగువాడు

ప్రశ్న:

పెద్దలకు నమస్కారం. ఉద్యోగం మీద హాంగ్‌కాంగ్ వెళ్తున్నాను. అక్కడి కాంటనీస్ నేర్చుకుందామనుకుంటే, గొంతు ఎత్తుపల్లాలను బట్టి ఒకే మాటకు ఆరు స్వరాలుంటాయి, దాని జోలికి పోకు అని మా ఫ్రెండ్ బెదరగొట్టాడు. ఎస్పెరాంటో అనే కృత్రిమ భాష అయితే పదహారు సూత్రాలేనట, ఇట్టే వచ్చేస్తుందట. తెలుగువాళ్లకు నిజంగా ఏది సులువు?

జవాబు:

పదహారు సూత్రాల మాట నిజమే. 1887లో వార్సాలో జామెన్‌హోఫ్ అనే కంటి డాక్టరు వేసిన చిన్న పుస్తకంలో వ్యాకరణమంతా అందులోనే సర్దేశాడు. పైగా అది మనకు అలవాటైన పద్ధతే: మాట వెనక ప్రత్యయాలు తగిలించుకుంటూ పోవడం. ‘హుండో’ కుక్క, ‘హుండోయ్’ కుక్కలు, ‘హుండోయ్న్’ కుక్కలను. కర్మకు వాళ్లు ‘న్’ పెడతారు, మనం ‘ను’ పెడతాం. కాకతాళీయమే, చుట్టరికాలు కలపకండి. కానీ ఇంగ్లిష్ వాళ్లు పదేపదే మర్చిపోయే ఆ ‘న్’ తెలుగువాడికి విడమరిచి చెప్పక్కర్లేదు.

చిక్కు సూత్రాలతో కాదు, మాటలతో. వ్యాకరణం ఏ దేశానిదీ కాకపోవచ్చు, ధాతువులు మాత్రం దాదాపు అన్నీ యూరప్‌వి. చేలో ఉన్నది వరి, నూర్చితే వడ్లు, మర ఆడిస్తే బియ్యం, వండితే అన్నం కదా మనకు. ఎస్పెరాంటోలో అన్నిటికీ మూలం ‘రీజో’ ఒక్కటే. మొక్క అని చెప్పాలంటే ‘రిజ్‌ప్లాంతో’ అనీ, వండినదంటే ‘కుయిరీతా రీజో’ అనీ అతుకు వేసుకోవాలి. అదే కాంటనీస్ మాట్లాడే దక్షిణ చైనా గ్వాంగ్‌డాంగ్ రైతుకైతే మొక్క ‘వో’, వడ్లు ‘కుక్’, బియ్యం ‘మై’, అన్నం ‘ఫాన్’. నాలుగింటికి నాలుగూ ఉన్నాయి. ‘ఫాన్’ అంటే అన్నమే కాదు, భోజనం కూడా. ఎదురుపడితే వాళ్ల పలకరింపు ‘సిక్ జో ఫాన్ మేయ్ ఆ?’ అన్నం తిన్నావా, ఇంకా లేదా అని. దీన్ని తెలుగులోకి మార్చడానికి శ్రమే లేదు.

ఇంకొకరు:

ఎస్పెరాంటోను అంత తేలిగ్గా తీసేయకండి మాస్టారూ. ‘లెర్నీ’ అంటే నేర్చుకోవడం అని తెలిస్తే ‘లెర్నేయో’ బడి, ‘లెర్నాంతో’ విద్యార్థి. ‘బోనా’ మంచి, ముందు ‘మల్’ తగిలిస్తే ‘మల్‌బోనా’ చెడ్డ. ఒక మాట నేర్చుకుంటే పది చేతికొస్తాయి. కాంటనీస్‌లో ఆ సౌకర్యం ఏదీ?

జవాబు:

ఆ సౌకర్యం గొప్పదే, కాదనను. అయితే కాంటనీస్‌లోనూ మాటకు మాట జోడించడం జోరుగానే సాగుతుంది. ‘తిన్’ విద్యుత్తు. ‘తిన్ వా’ విద్యుత్ మాట, అంటే ఫోను. ‘తిన్ యింగ్’ విద్యుత్ నీడ, అంటే సినిమా. క్రియకు పురుష, వచన భేదాలు లేవు. పని అయిపోయిందనడానికి ‘జో’, జరుగుతోందనడానికి ‘కన్’ క్రియ పక్కన పెడితే చాలు.

అడిగిన బాబుకు అసలు చెప్పాల్సింది వాక్యం చివర గురించి. ఎస్పెరాంటో తన సరంజామా చాలావరకు మాట చివర పెట్టింది, కాంటనీస్ వాక్యం చివర పెట్టింది. మనకు రెండూ ఉన్నాయి. ‘ఖోయ్ మ్ లై’ అంటే వాడు రాడు. చివర ‘వో’ని కింది గొంతులో మొదలుపెట్టి కాస్త పైకి లేపితే, ‘ఖోయ్ మ్ లై వో’, వాడు రాడట! ఎవరో చెప్పారు, నా పూచీ లేదు అన్న ఆ ధ్వనితో సహా. ‘మే’ పెడితే, వాడు రాడా ఏంటి? ‘లై లా’ అంటే రావోయ్. వస్తావా రావా అన్నదానికి ‘నేయ్ లై మ్ లై ఆ?’ మన ‘అట’ను ఎస్పెరాంటోలో చెప్పాలంటే ‘ఓనీ దీరాస్, కే లీ నె వెనోస్’, అనగా ‘అతను రాడని అంటున్నారు’ అని ఇంకో వాక్యం కట్టుకోవాలి, లేదా అందుకు విడిగా ఒక మాట పెట్టాలి.

‘మనం’, ‘మేము’ తేడా మాత్రం రెండింటిలోనూ లేదు. అక్కడ ఇద్దరూ మన వెనకే.

అడిగినవారు:

మరి స్వరాల సంగతి? మా ఫ్రెండ్ చెప్పింది అబద్ధమా?

జవాబు:

నిజమే. ‘సీ’ని పై గొంతులో చదునుగా పలికితే పద్యం, పైకి లేపితే చరిత్ర, మధ్యలో నిలిపితే ప్రయత్నించడం, కిందికి దించితే సమయం, కింది నుంచి కొద్దిగా లేపితే సంత, కిందనే చదునుగా ఉంచితే పని. ఇందాకటి వరి ‘వో’, అట ‘వో’ కూడా స్వరంలోనే వేరు. ఇది చెవి పని, పుస్తకంతో కుదరదు. రోమన్ లిపిలో రాసే ‘యుత్‌పింగ్’ పద్ధతిని హాంగ్‌కాంగ్ భాషాశాస్త్ర సంఘం 1993లో తయారుచేసింది. అందులో ప్రతి పలుకు (సిలబుల్) పక్కన స్వరం అంకె ఉంటుంది. మొదటి రోజు నుంచే ఆ అంకెతో కలిపి నేర్చుకోండి. చాలామంది తర్వాత చూద్దాంలే అని వదిలేస్తారు, తర్వాత అది రాదు. కాంటనీస్‌లో ఉన్న క, ఖ తేడా మన లిపిలోనూ ఉండటం మీకు కలిసొస్తుంది, మనవాళ్లు మాటల్లో ఆ తేడా మింగేస్తారనుకోండి.

మరొకరు:

సినిమా పాటల మీద పిచ్చి ఉన్నవాడిగా ఒక మాట. మన దగ్గర బాణీకి పాట రాసేవాళ్లు గురులఘువులు చూసుకుంటే గండం గడిచినట్టే. కాంటనీస్‌లో బాణీ ఎక్కడ పైకి వెళ్తే అక్కడ పై స్వరమున్న మాటే పడాలి. లేకపోతే అర్థం మారిపోతుంది. ప్రభువును పిలిచే ‘చ్యూ’ పైకి లేవాలి, పై గొంతులోనే చదునుగా ఉండిపోతే పంది అవుతుంది! పరాయి బాణీల్లో పాడే కీర్తనల మీద అక్కడివాళ్లే ఈ జోకు వేసుకుంటారు. ఎస్పెరాంటో కవికి ఈ గొడవ లేదు. ఊనిక ఎప్పుడూ చివరి నుంచి రెండో అచ్చు మీదే.

అడిగినవారు:

అయితే కాంటనీసే అంటారా?

జవాబు:

హాంగ్‌కాంగ్‌లో ఉండబోతూ ఎస్పెరాంటో ఏం చేసుకుంటారు బాబూ! సరదా ఉంటే తర్వాత నేర్చుకోండి, చైనాలో దానికి పాత అభిమానులే ఉన్నారు. అక్కడ 1950లోనే ఎస్పెరాంటోలో పత్రిక పెట్టారు. ముందు ఈ రెండూ పట్టుకోండి: ఎవరైనా చిన్న పని చేసిపెడితే ‘మ్ కోయ్’, ఏదైనా కానుక ఇస్తే ‘తో జే’. ఒకదాని బదులు ఒకటి వాడితే నవ్వుతారు. ఎర్ర మినీబస్సులో దిగాలంటే డ్రైవరుకు వినబడేలా ‘యౌ లోక్!’ అని అరవాలి. మొహమాటపడితే బస్సు మీ స్టాపు దాటిపోతుంది.