యాభై లక్షల్లో తొలి ఇల్లు: ఉప్పల్‌లో పాత ఫ్లాటా, ఘట్‌కేసర్ వైపు కొత్తదా?

కొత్త కాపురం:
హైదరాబాద్‌లో తొలి ఇల్లు కొనాలనుకుంటున్నాం. రిజిస్ట్రేషను ఖర్చు కాక యాభై లక్షలు మా హద్దు. నా ఉద్యోగం రాయదుర్గంలో, మా ఆవిడది సికింద్రాబాద్‌లో. అత్తగారు మాతోనే ఉంటారు, మోకాళ్ల నొప్పుల వల్ల లిఫ్టు తప్పనిసరి. రెండు చోట్ల బేరం నడుస్తోంది. ఒకటి ఉప్పల్ మెట్రో స్టేషనుకు నడిచి వెళ్లేంత దూరంలో ఇరవై రెండేళ్ల పాత ఫ్లాటు. రెండోది ఘట్‌కేసర్ వైపు ఇంకా కడుతున్న అపార్ట్‌మెంటులో, కాస్త విశాలంగా. ధర దాదాపు ఒకటే. మీరైతే ఏది కొంటారు?

ఘట్‌కేసర్ పాతకాపు:
అడగాలా, కొత్తదే. ఇరవై రెండేళ్ల గోడలకు యాభై లక్షలు పోస్తారా? లిఫ్టు మార్చాలన్నా, డాబా కారుతున్నా, పైపులు తుప్పుపట్టినా ఖర్చంతా మీ నెత్తినే. మా వైపు ఔటర్ రింగు రోడ్డు ఉంది, గాలి వెలుతురు ఉన్నాయి, ఎంఎంటీఎస్ లోకల్ రైలు కూడా వచ్చింది. ఒకప్పుడు ఉప్పల్‌ను ఊరి చివర అని తీసిపారేసినవాళ్లే ఇప్పుడు అక్కడ కొనలేక దిగాలు పడుతున్నారు.

లెక్కల పిచ్చి:
ధర ఒకటే అంటున్నారు గానీ, ఒకటి కాదండీ. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషను ఫీజు కలిపి 7.5 శాతం, అంటే యాభై లక్షలకు 3.75 లక్షలు. ఇది రెండింటికీ ఉంటుంది. కడుతున్న ఫ్లాటుకు దానిపైన జీఎస్టీ 5 శాతం, మరో రెండున్నర లక్షలు. ధర 45 లక్షల లోపు, కార్పెట్ ఏరియా (ఇంటి లోపల వాడుకునే నేల) 60 చదరపు మీటర్ల లోపు ఉంటేనే 1 శాతంతో సరిపోతుంది. పాత ఫ్లాటుకు జీఎస్టీ లేదు. ఇక ముప్పై లక్షలు దాటిన గృహరుణంలో బ్యాంకు ఇల్లు విలువలో 80 శాతానికి మించి ఇవ్వదు, రిజిస్ట్రేషను ఖర్చు ఆ విలువలోకి రాదు. పది లక్షలతో పాటు పై ఖర్చులన్నీ చేతిలో ఉండాలి. అయితే పాత భవనానికి దీర్ఘకాల రుణం ఇవ్వడానికి కొన్ని బ్యాంకులు వెనకాడతాయి. బయానా ఇవ్వకముందే ఆ మాట తేల్చుకోండి.

మెట్రో ప్రయాణికుడు:
పాతకాపు గారూ, ఎంఎంటీఎస్ వచ్చిన మాట నిజమే, రోజుకు ఎన్ని రైళ్లో కూడా చెప్పండి. మీ వైపు వచ్చే దారిలోనే ఉప్పల్, నారపల్లి మధ్య ఫ్లైఓవరు పని 2018లో మొదలైంది. ఆ తవ్వకాల మధ్య వాన పడిన సాయంత్రం ఏ పాటి వేగంతో ఇల్లు చేరేవారో మీకు తెలియనిది కాదు. వీళ్లిద్దరి ఆఫీసులూ నాగోలు–రాయదుర్గం మార్గం మీదే ఉన్నాయి. ఆవిడ సికింద్రాబాద్‌లో దిగిపోతారు, ఈయన చివరిదాకా వెళతారు, రైలు మారే పనే లేదు. ఇంతకన్నా కుదిరిన జోడు నగరంలో దొరకదు. విశాలమైన హాలు ఆదివారం చూసుకోవడానికి బాగుంటుంది, అంతే.

అద్దె మేలు:
అసలు కొనడమెందుకు? అదే ఉప్పల్ ఫ్లాటులో అద్దెకుండండి. కిస్తీలో సగం కూడా ఉండదు.

ఘట్‌కేసర్ పాతకాపు:
అద్దె మేలు గారూ, ఇంటి యజమాని తన కొడుకు పెళ్లని ఖాళీ చేయమంటే మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడను తీసుకుని మళ్లీ లిఫ్టున్న ఇల్లు వెతకమంటారా?

దస్తావేజు:
ప్రాంతం గురించి కొట్లాడుకునే ముందు కాగితాలు చూడండి. నగరం చుట్టూ చవకగా దొరికే చోట్ల ఆ చవకకు ఒక్కోసారి కారణం ఉంటుంది: పంచాయతీ అనుమతికి మించి లేపిన అంతస్తులు, రిజిస్ట్రేషను చేయకూడని భూముల 22-ఎ జాబితాలో ఉన్న సర్వే నంబరు, చెరువు ఎఫ్‌టీఎల్‌లోకి, అంటే నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దులోకి చొచ్చుకొచ్చిన లేఅవుటు. 2024లో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక చెరువుల్లోని నిర్మాణాలు ఎలా నేలమట్టమయ్యాయో చూశాం. రిజిస్ట్రేషను అయింది కదా, బ్యాంకు రుణం ఇచ్చింది కదా అన్న ధీమా అప్పుడు ఎవరినీ కాపాడలేదు. ఎనిమిది ఫ్లాట్లు మించినా, స్థలం 500 చదరపు మీటర్లు దాటినా రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు ఉండాల్సిందే. అనుమతులు రాకముందే ప్రీ లాంచ్ అంటూ అగ్గువకు ఆశపెడితే దండం పెట్టి వచ్చేయండి. పాత ఫ్లాటుకూ పరీక్ష ఉంది: ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే ఈసీ 1983 నుంచి ఆన్‌లైనులో దొరుకుతుంది, లింకు డాక్యుమెంట్లతో (పాత చేతుల దస్తావేజులతో) పోల్చండి. 2020 అక్టోబరు వానలకు ఉప్పల్, ఎల్బీనగర్ వైపు చాలా కాలనీలు మునిగాయి. ఆ వీధిలోకి నీళ్లొచ్చాయా అని అమ్మేవాళ్లను కాదు, కింద కిరాణా కొట్టతన్ని అడగండి. ఇంకొకటి, రెండింటిలోనూ మీ వాటాకు ఎన్ని గజాల స్థలం వస్తుంది?

కొత్త కాపురం:
పాతదానిలో 42 గజాలు, కొత్తదానిలో 31.

దస్తావేజు:
భవనం విలువ ఏటా తరుగుతుంది, మిగిలేది ఆ గజాలే. ఉప్పల్‌లో 42 వస్తుంటే ఘట్‌కేసర్‌లో 31కి ఎందుకు వెళ్లాలో పాతకాపు గారే చెప్పాలి.

ఘట్‌కేసర్ పాతకాపు:
గజాల మాట ఒప్పుకుంటాను. కానీ ఆ గజాలు చేతికి రావాలంటే భవనంలో అందరూ కలిసి కూలగొట్టి కట్టుకోవడానికి ఒప్పుకోవాలి. నెలవారీ నిర్వహణ రుసుమే సరిగా కట్టని అపార్ట్‌మెంట్లు ఎన్ని లేవు? ముందు ఆ సంఘం లెక్కల పుస్తకం అడిగి చూడండి.

కొత్త కాపురం:
అడుగుతాను. ఈ ఆదివారం కిరాణా కొట్టుకూ, సంఘం కార్యదర్శి దగ్గరికీ వెళుతున్నాం. వీధిలోకి నీళ్లు రాలేదని తేలితే ఉప్పల్‌కే బయానా ఇస్తాం. అత్తగారి ఓటు మాత్రం ఇంకా ఘట్‌కేసర్‌కే.