ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందులు) వాడుతున్నవారికి హెచ్‌ పైలోరీ చికిత్స

ప్రశ్న (తిరుపతి): రుయా ఆసుపత్రి ఏఆర్‌టీ కేంద్రంలో ఇచ్చే డోలుటెగ్రావిర్‌ కలిసిన మాత్రను మా అన్నయ్య రోజూ రాత్రి వేసుకుంటారు. ఎండోస్కోపీలో కడుపులో హెచ్‌ పైలోరీ అనే క్రిమి ఉందని తేలి, 14 రోజుల యాంటీబయాటిక్స్‌ రాశారు. రెండూ కలిపి వాడవచ్చునా అండీ?

జవాబు: వాడవచ్చు. ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్‌, యాంటీబయాటిక్‌ అమాక్సిసిలిన్‌ ఆ మాత్రకు అడ్డురావు. అయితే మంటకు అలవాటుగా తాగే గులాబీరంగు యాంటాసిడ్‌లోని అల్యూమినియం, మెగ్నీషియం ఆ మాత్రను ఒంటికి పట్టనివ్వవు కనుక, మాత్రను దానికి 2 గంటల ముందుగానీ 6 గంటల తరువాతగానీ వేసుకోవాలి.

మరో జవాబు: అటాజనవిర్‌, రిటోనవిర్‌ అనే హెచ్‌ఐవీ మందులు వాడేవారి సంగతి వేరు. పాంటోప్రజోల్‌తో కడుపులో ఆమ్లం తగ్గితే అటాజనవిర్‌ సరిగా ఇంకదు. రిటోనవిర్‌ వల్ల రక్తంలో క్లారిథ్రోమైసిన్‌ (హెచ్‌ పైలోరీకి వాడే మరో యాంటీబయాటిక్‌) పెరుగుతుంది. కడుపు డాక్టరుకు హెచ్‌ఐవీ సంగతి దాచడం మన దగ్గర మామూలే గాని, ఇక్కడ ఆ మొహమాటం పనికిరాదు.

ప్రశ్న అడిగినవారు: క్రిమి పోయిందని ఎలా తెలుస్తుందండీ?

జవాబు: యాంటీబయాటిక్స్‌ ముగిసిన 4 వారాలకు, పాంటోప్రజోల్‌ 2 వారాలు మానేసి, హెచ్‌ పైలోరీ యాంటిజెన్‌ మల పరీక్ష చేయించండి.