కన్‌స్ట్రక్టర్ రాసినా ఫీల్డులో నల్ ఎందుకు ఉంటోంది?

గాజువాక విద్యార్థి: కాలేజీ ప్రాజెక్టుకు జావాలో సిటీ బస్సు టికెట్ ప్రోగ్రామ్ రాస్తున్నానండీ. టికెట్ క్లాసులో (ఆబ్జెక్టులకు నమూనా) స్టాప్ అనే స్ట్రింగ్ (అక్షరాలు), ఛార్జీ అనే ఇంట్ (పూర్ణాంకం) ఫీల్డులుగా, అంటే ఆబ్జెక్టు దాచుకునే విలువలుగా, ఉన్నాయి. ఆబ్జెక్టు తయారయ్యేటప్పుడు నడిచే కన్‌స్ట్రక్టర్‌కు "గాజువాక", 30 పంపుతున్నాను. టికెట్ మీద మాత్రం నల్ (ఏమీ లేదని అర్థం), 0 పడుతున్నాయి. ఎర్రర్ ఏమీ లేదు.

మద్దిలపాలెం సభ్యుడు: కన్‌స్ట్రక్టర్ లోపల ఏం రాశారో పెట్టండి. చూడకుండా చెప్పలేం.

గాజువాక విద్యార్థి: పంపిన విలువలను అందుకునే పారామీటర్లకూ ఫీల్డుల పేర్లే పెట్టాను. లోపల "స్టాప్ = స్టాప్; ఛార్జీ = ఛార్జీ;" అంతే.

మద్దిలపాలెం సభ్యుడు: దొరికింది. అక్కడ స్టాప్ అంటే పారామీటరే, ఫీల్డు కాదు. దాని విలువ దానికే ఇచ్చుకున్నారు, ఫీల్డు జోలికి ఎవరూ పోలేదు. ఎడమవైపు పేర్ల ముందు దిస్ (అంటే ఈ ఆబ్జెక్టు), చుక్క పెట్టండి. ఫీల్డులు ఫైనల్ (ఒకసారి విలువ ఇచ్చాక మారనివి) అయి ఉంటే, విలువ ఇవ్వలేదని కోడ్‌ను అనువదించే కంపైలరే ఆపేసేది. అందుకే మారని ఫీల్డులకు ఫైనల్ పెట్టకపోవడం నాకు నచ్చదు.

ఇక ఆ నల్, 0 ఎక్కడివంటారా? న్యూ అని ఆబ్జెక్టును సృష్టించగానే ఫీల్డులన్నీ డిఫాల్ట్ విలువలతో మొదలవుతాయి: ఇంట్‌కు 0, డబుల్‌కు 0.0, బూలియన్‌కు ఫాల్స్, స్ట్రింగ్ లాంటి రిఫరెన్సులకు (ఆబ్జెక్టును చూపించే వాటికి) నల్. మెథడ్ (క్లాసు చేసే ఒక పని) లోపలే ఉండే లోకల్ వేరియబుల్‌కు ఈ సదుపాయం లేదు. విలువ ఇవ్వకుండా వాడితే కంపైల్ కాదు.

గాజువాక విద్యార్థి: సరిగ్గా వచ్చింది, ధన్యవాదాలు. ఇప్పుడు దీన్ని ఎక్స్‌టెండ్ చేసి, అంటే పేరెంట్‌గా తీసుకుని, రాయితీ టికెట్ అనే చైల్డ్ క్లాసు రాస్తే, పేరెంట్‌లో ఖాళీ (పారామీటర్లు లేని) కన్‌స్ట్రక్టర్ లేదని కంపైలర్ గొడవ చేస్తోంది. నిన్నటిదాకా ఉందిగా?

సీతమ్మధార సభ్యురాలు: మీరు ఒక్క కన్‌స్ట్రక్టరూ రాయనంతవరకే కంపైలర్ ఖాళీది సమకూరుస్తుంది. ఒకటి రాశారా, ఇక ఇవ్వదు. చైల్డ్ కన్‌స్ట్రక్టర్ మొదట్లోనే సూపర్‌ను (పేరెంట్ కన్‌స్ట్రక్టర్‌ను) పిలిచి ఆ రెండు విలువలూ పంపండి.

ఇంకో మాట. పేరెంట్ కన్‌స్ట్రక్టర్ నుంచి ముద్రించు మెథడ్‌ను పిలవడం లేదు కదా?

గాజువాక విద్యార్థి: పిలుస్తున్నానండీ! చైల్డ్‌లో దాన్ని ఓవర్‌రైడ్ చేశాను కూడా, అంటే రాయితీని ముద్రించేలా మళ్లీ రాశాను. చైల్డ్ ఫీల్డుగా "ఇంట్ రాయితీ = 50;" అని ఉంది.

సీతమ్మధార సభ్యురాలు: అయితే రాయితీ 0 అని పడుతుంది, చూసుకోండి. ముందు పేరెంట్ కన్‌స్ట్రక్టర్ పూర్తవుతుంది, ఆ తర్వాతే చైల్డ్ ఫీల్డుల పక్కన రాసిన విలువలు చేరతాయి, చివరికి చైల్డ్ కన్‌స్ట్రక్టర్‌లోని మిగతా వాక్యాలు. పేరెంట్ నుంచి పిలిచినా నడిచేది చైల్డ్‌లోని ముద్రించు మెథడే, అప్పటికి ఆ 50 ఇంకా రాలేదు. ముద్రించే పిలుపును కన్‌స్ట్రక్టర్‌లోంచి తీసి, ఆబ్జెక్టు తయారయ్యాక మెయిన్‌లో (ప్రోగ్రామ్ మొదలయ్యే మెథడ్‌లో) పెట్టండి.