ఈ వారం సమస్య: «మట్టి తగిలి మొక్క మాడిపోయె»

నిర్వాహకుడు: నిన్న బెంగళూరు బసవనగుడిలో ఒక నర్సరీలో ఒకాయన వంద (చెట్టుకొమ్మల మీద గాలిలో వేళ్ళు వేలాడేసి పెరిగే వాండా ఆర్కిడ్) మొక్క ఒకటి కొని, "మట్టి ఎంత పోయాలి?" అని అడిగాడు. నర్సరీ కుర్రాడు ఆయన చేతిలో కుండ లాక్కున్నంత పనిచేశాడు. ఇల్లు చేరేదాకా ఈ పాదం నాలుక మీదే ఉంది. దీన్నే చివరి పాదంగా పెట్టి పద్యం పూరించండి, కానివ్వండి.

జయనగరం మాస్టారు:
చెట్టుకొమ్మమీద చెలువొందు వందాకు
గాలితేమ చాలుఁ గాపురమున;
కుండలోన నాటి కూరినాఁడను నేను
మట్టి, తగిలి మొక్క మాడిపోయె.

మల్లేశ్వరం అక్కయ్య: "నేను... మట్టి" అని అక్కడ ఆగడం! ఆ విరుపుతోనే సమస్య సగం విడిపోయింది మాస్టారూ. కానీ మట్టిలో వంద వేరు కుళ్ళుతుంది, మాడదు. "మాడిపోయె"కి మీ పద్యంలో జవాబేదీ?

జయనగరం మాస్టారు: మొక్కే చెబుతుందమ్మా. ఆ వేరు మీద దూదిలాంటి తెల్లటి పొర ఉంటుంది, నీళ్ళు పట్టేది అదే. మట్టి అంటుకుని తడి ఆరకపోతే మెత్తబడుతుంది. రెండు వేళ్ళతో పట్టి లాగితే పొర తొడుగులా ఊడొచ్చి, లోపల సన్నటి దారం మిగులుతుంది. వేరు పోయాక ఆకుకి నీరెక్కడిది? చుట్టూ తడి ఉండగానే ముడతలు పడి ఎండుతుంది. పోయిన వేసవిలో మా మొక్కకి అదే జరిగింది. దాహం అనుకొని ఇంకా నీళ్ళు పోశాను. అందుకే మాడిందన్నాను.

మల్లేశ్వరం అక్కయ్య: ఒప్పుకున్నా. ఇక నాది:
బదనిక యని తెచ్చి బాలుండు నాటెను
పరుల సొమ్ము దినెడి పాడు మొక్క;
సొంతకూడు లేక సోమరి పడియుండ
మట్టి తగిలి మొక్క మాడిపోయె.

జయనగరం మాస్టారు: యతికీ గణాలకీ వంక లేదు. భావమే తప్పు. వంద బదనికలా చెట్టులోకి వేరు దించి దాని రసం పీల్చే మొక్క కాదు. పచ్చటి ఆకుంది, తన కూడు తానే వండుకుంటుంది. మామిడికొమ్మ దానికి కూర్చునే పీట, అంతే. సోమరి అనడం అన్యాయం.

మల్లేశ్వరం అక్కయ్య: సంస్కృతంలో వందా అంటే బదనికేగా! వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్ 1820లో ఈ మొక్కల ప్రజాతికి ఖాయం చేసిందీ ఆ పేరే. అయినా తప్పులు పట్టడం మీకు అలవాటే, ఇదివరకటి మల్లెపందిరి సమస్యలో నేను యతికి "న"కు "ద" వేస్తే మూడు రోజులు వదల్లేదు మీరు. "ద"కు ముందు సున్నా ఉంది, అలా ఉంటే "న"తో యతి చెల్లుతుంది, బిందుయతి అని ఎంత మొత్తుకున్నా వినలేదు.

జయనగరం మాస్టారు: సున్నా చూసుకోలేదు. తప్పు నాదే, ఇక్కడే ఒప్పుకుంటున్నా. కానీ పేరు పెట్టినవాళ్ళ పొరపాటు మొక్క నెత్తిన రుద్దకండి.

కొత్త కలం, వైట్‌ఫీల్డ్:
బొగ్గుముక్కలందు బుట్టలో వ్రేలాడ
వేరులు పచ్చబడియె వేగఁ దడిసి;
అత్త కూర్మితోడ నందులో నిడినట్టి
మట్టి తగిలి మొక్క మాడిపోయె.

మల్లేశ్వరం అక్కయ్య: "వేరులు" దగ్గర ఒక లఘువు ఎక్కువైంది తల్లీ. "వేళ్ళు" అను, సరిపోతుంది. "వేగఁ దడిసి" మాత్రం ముత్యం. బూడిదరంగు వేరు నీళ్ళు తగలగానే పచ్చబడడం కళ్ళకు కట్టింది.

కొత్త కలం: దిద్దుకున్నానక్కయ్యగారూ. మాది చెక్కబుట్ట, లోపల బొగ్గూ ఇటుకముక్కలూ. తూర్పు బాల్కనీలో పొద్దుటెండ తగిలేట్టు కట్టాను. నీళ్ళు ఉదయమే పోస్తాను, రాత్రికి ఆకుల మొదట్లో నిలవకూడదని. ఎరువు బాగా పలచన చేసి వారానికోసారి. బోరునీళ్ళకి వేళ్ళ మీద తెల్లటి ఉప్పు పేరుకుంటే వాననీళ్ళు పట్టడం మొదలుపెట్టాను. డిసెంబరు చలిలో తడి తగ్గించాలా మాస్టారూ?

జయనగరం మాస్టారు: తగ్గించు. వేరు తెల్లబడ్డాకే మళ్ళీ నీళ్ళు పొయ్. అడవిలో కొమ్మల మీంచి పీకి అమ్మేవాళ్ళ దగ్గర మాత్రం ఎన్నడూ కొనకు.

మల్లేశ్వరం అక్కయ్య: మాస్టారూ, రెండు పాదాలు మార్చాను. చూడండి:
బదనిక యని తెచ్చి బాలుండు నాటెను
పరుల సొమ్ము దినని పట్టుదలది;
సొంతకూడు దినుచు సుఖమున నుండంగ
మట్టి తగిలి మొక్క మాడిపోయె.