స్కిన్ ట్యాంకు ఉన్న కాలువ పడవలో గంట నడిచాక ఇంజన్ ఎందుకు వేడెక్కుతోంది?

ప్రశ్న

మాది 15 మీటర్ల ఉక్కు పడవ. పాత ఇంజన్ తీసేసి 35 హార్స్‌పవర్ డీజిల్ ఇంజన్‌ను నేనే అమర్చాను. కాలువ నీటిని లోపలికి తోడే పద్ధతిలో మట్టి, నాచు చేరి తరచూ అడ్డుపడుతున్నందున, పడవ పక్క పలకకు లోపలివైపు వెల్డింగ్ చేసిన స్కిన్ ట్యాంకు గుండా కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) తిరిగేలా ఏర్పాటు చేసుకున్నాను. ట్యాంకు పొడవు 1.2 మీటర్లు, ఎత్తు అర మీటరు. దాని రెండు మూతులూ వెనుక చివరనే, ఒకటి పైన ఒకటి కింద ఉన్నాయి. కింది మూతి దగ్గరగా ఉండటంతో వేడి హోసును దానికి బిగించి, పై మూతి నుంచి పంపుకు తిరుగు హోసు వేశాను. నడక వేగంతో వెళ్తున్నా, మొదటి గంట 82 డిగ్రీల దగ్గర నిలిచిన ఉష్ణోగ్రత ముల్లు ఆ తరువాత మెల్లగా 98 దాకా ఎక్కుతోంది. ట్యాంకు చిన్నదైందంటారా? ఇంకొకటి వెల్డింగ్ చేయించాలంటే పడవను నీళ్లలోంచి తీయాలి కనుక ముందుగా అడుగుతున్నాను.

మొదటి జవాబు

ప్రతి 4 హార్స్‌పవర్లకు ఒక చదరపు అడుగు ట్యాంకు ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. అందులోనూ, అవతలివైపు కాలువ నీరు తగిలే పలకను మాత్రమే లెక్కించాలి. మీ ట్యాంకు దాదాపు ఆరున్నర చదరపు అడుగులు, అంటే 26 హార్స్‌పవర్లకు సరిపోతుంది. ఇంజన్ పూర్తి శక్తికి అది చాలదన్నది నిజమే కానీ, కాలువలో నడక వేగానికి మీరు అందులో మూడో వంతు కూడా వాడరు కనుక, ఇప్పటి వేడికి ట్యాంకు పరిమాణం కారణమని నేను అనుకోను. ముల్లు 90 దాటినప్పుడు ట్యాంకు లోపలి పలక మీద ఒక చివర నుంచి రెండో చివర దాకా జాగ్రత్తగా అరచేయి ఆనించి చూడండి. మూతుల దగ్గర మాత్రమే కాలుతూ, ముందు చివర చల్లగా ఉంటే, ట్యాంకులో సగానికి కూలెంట్ చేరడం లేదన్నమాట.

రెండో జవాబు

హోసులు తారుమారయ్యాయండి. వేడి కూలెంట్ పై మూతిలోకి వెళ్లాలి. పలకకు తగిలి చల్లబడుతూ బరువెక్కి కిందికి దిగాక కింది మూతి నుంచి పంపుకు రావాలి. మీరు కలిపిన తీరులో, కూలెంట్‌ను ట్యాంకంతా తిప్పే అడ్డుపలకలు లోపల సరిగా లేకపోతే, వేడి కూలెంట్ కింది నుంచి నేరుగా పైకి లేచి చల్లబడకుండానే తిరిగి వచ్చేస్తుంది.

రెండో సంగతి గాలి. కాలువ పడవ వెనుక భాగం సాధారణంగా కాస్త దిగి ఉంటుంది కనుక, మీ ట్యాంకులో అన్నిటికంటే ఎత్తైన చోటు మూతులకు దూరంగా ఉన్న ముందువైపు పైమూల. గాలి అక్కడే చిక్కుకుంటుంది, హోసులను ఎంత నొక్కినా బయటికి రాదు. ఆ మూలలో గాలి వదిలే బోల్టు ఉండి తీరాలి. ఇంజన్ పూర్తిగా చల్లారాక హెడర్ ట్యాంకు (ఇంజన్ మీద కూలెంట్ పోసే చిన్న ట్యాంకు) మూత తీసి, బోల్టు వదులు చేసి, బుడగలు లేని ధార వచ్చే వరకు నెమ్మదిగా కూలెంట్ పోయండి. బోల్టు బిగించి, థర్మోస్టాట్ (వేడెక్కాక కూలెంట్‌ను ట్యాంకుకు వదిలే కవాటం) తెరుచుకునే దాకా ఇంజన్ నడిపి, చల్లార్చి, మళ్లీ ఇదే పని చేయండి. వేడిగా ఉన్నప్పుడు మాత్రం మూతను ముట్టుకోవద్దు, ఒత్తిడిలో ఉన్న కూలెంట్ ముఖం మీదికి చిమ్ముతుంది.

మూడో జవాబు

పై సలహాతో ఏకీభవిస్తూ ఒక మాట చేరుస్తాను. ఒకసారి తీసిన గాలి మళ్లీ ఎందుకు చేరుతుందో కూడా చూసుకోవాలి. మీ వ్యవస్థలో 30 లీటర్ల దాకా కూలెంట్ ఉంటుంది, వేడెక్కితే అది లీటరుకు పైగా పెరుగుతుంది. ఇంజన్ మీది చిన్న హెడర్ ట్యాంకులో అంత చోటు లేకపోతే, ఎక్కువైనది ప్రతిసారీ బయటికి పోయి, చల్లారేటప్పుడు దాని స్థానంలో గాలి దూరుతుంది. అన్నిటికంటే ఎత్తులో ఒక అదనపు సీసా పెట్టి, దాని హోసు కొస కూలెంట్‌లో మునిగి ఉండేలా చూడండి. పంపు వైపు హోసు లోపల తీగచుట్ట ఉన్నదే వాడండి, లేకపోతే పంపు లాగుడుకు అది నొక్కుకుపోయి ప్రవాహం ఆగుతుంది. మంచు పడని చోటైనా కూలెంట్‌లో యాంటీఫ్రీజ్ (గడ్డకట్టకుండా కలిపే ద్రవం) తప్పదు, ఉక్కు ట్యాంకును తుప్పు నుంచి కాపాడేది అదే.

ప్రశ్న అడిగినవారు

చేయి ఆనించి చూస్తే మీరన్నట్టే వెనుక మూడో వంతు కాలుతోంది, ముందు చివర చన్నీటి కుండలా ఉంది. ముందు మూలలో రంగు పొరల కింద కప్పబడిపోయిన బోల్టు ఒకటి కనబడింది. స్పానరుతో వదులు చేయగానే బుస్సుమంటూ గాలి చాలాసేపు వచ్చి, తరువాత తుప్పు రంగు కూలెంట్ కారింది. హోసులు మార్చి నింపితే అదనంగా 5 లీటర్లు పట్టింది. నిన్న కాలువలో మూడు గంటలు నడిపినా ముల్లు 84 దాటలేదు. నదిలో ఎదురు ప్రవాహానికి గట్టిగా నడిపినప్పుడు మాత్రం 40 నిమిషాలకు 95కు చేరింది కనుక, పడవ అడుగుకు రంగు వేయడానికి పైకి తీసినప్పుడు రెండో పక్కన కూడా ఒక ట్యాంకు వేయిస్తాను. అదనపు సీసా ఈ వారమే బిగిస్తున్నాను.