డాక్‌కి ఏడాదికి 60 మిలియన్లు: తప్పు అంకెలోనా, ఆలస్యంలోనా?

ఫ్రిస్కో_మామ
అమెరికన్ ఫుట్‌బాల్ (ఎన్ఎఫ్ఎల్)లో మన డాలస్ కౌబాయ్స్ వాళ్లు డిఫెన్స్ స్టార్ పార్సన్స్‌ని గ్రీన్ బే టీమ్‌కి పంపేసినప్పటి నుంచి ఆఫీసులోనూ, వీకెండ్ పార్టీల్లోనూ ఇదే గొడవ, కాబట్టి ఇక్కడ తేల్చుకుందాం. నా మాట సూటిగా చెప్తున్నా: 2024 సెప్టెంబర్‌లో క్వార్టర్‌బ్యాక్ (బాల్ విసిరి ఆట నడిపేవాడు) డాక్ ప్రెస్కాట్‌కి నాలుగేళ్లకు 240 మిలియన్ డాలర్లు రాసిచ్చిన రోజే కౌబాయ్స్ పని అయిపోయింది. ఆ ఏడాది శాలరీ క్యాప్ (ఒక టీమ్ జీతాలకు పెట్టగలిగే గరిష్ఠం) 255.4 మిలియన్లు. 53 మంది ఉండే టీమ్‌లో ఒక్కడి సగటు జీతమే అందులో 23 శాతం పైన. ఎవరికి? ప్లేఆఫ్స్‌లో రెండు గెలిచి ఐదు ఓడిన క్వార్టర్‌బ్యాక్‌కి. సంతకం పెట్టిన రెండు నెలలకే తొడ వెనక హ్యామ్‌స్ట్రింగ్ పోయి మిగతా సీజన్ అంతా బయటే, టీమ్ 7 గెలిచి 10 ఓడింది. ఏడాది తిరిగేసరికి డిఫెన్స్‌లో ఉన్న ఒకే ఒక్క మొనగాడిని అమ్ముకున్నాం. దీన్ని సమర్థించేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

గుంటూరు_గన్‌స్లింగర్
నేనున్నా మామా. 60 అనే అంకె చూసి గుండెలు బాదుకోకు, శాతం చూడు. డాక్ ముందు కాంట్రాక్ట్ 2021లో, ఏడాదికి 40. కోవిడ్ దెబ్బకి ఆ ఏడాది క్యాప్ 182.5కి పడిపోయింది, అంటే అందులో డాక్ వాటా దాదాపు 22 శాతం. 2020లో కాన్సస్ సిటీ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్‌కి పదేళ్లకు 450 ఇచ్చినప్పుడు క్యాప్ 198.2, అదీ 23 శాతానికి దగ్గరే. టాప్ క్వార్టర్‌బ్యాక్ రేటు ఇది, ఇష్టముంటే ఇవ్వు, లేదంటే కొత్తవాడిని వెతుక్కో.

తప్పు 2021 కాంట్రాక్ట్‌లో ఉంది. అందులో ఫ్రాంచైజ్ ట్యాగ్ (ప్లేయర్‌ని ఇంకో ఏడాది బలవంతంగా ఆపుకునే హక్కు) వేయకూడదన్నారు, వేరే టీమ్‌కి ట్రేడ్ చేయకూడదన్నారు, రెండింటికీ ఓనర్ జెర్రీ జోన్స్ తల ఊపాడు. 2024 వచ్చేసరికి డాక్‌ని వదిలేస్తే 2025 క్యాప్ మీద సుమారు 40 మిలియన్లు డెడ్ మనీ పడే పరిస్థితి. ఆడేవాడు ఉండడు, బిల్లు మాత్రం ఉంటుంది. ఏజెంట్‌కి ఇంకేం కావాలి? మొదటి మ్యాచ్ రోజు, క్లీవ్‌లాండ్‌లో ఇంకొన్ని గంటల్లో కిక్‌ఆఫ్ అనగా డీల్ కుదిరింది. ఆ టైమ్‌లో బేరం ఎవరి చేతిలో ఉంటుందో నువ్వే చెప్పు.

కొత్తగా_చూస్తున్నా
అన్నా, ఒక డౌట్. అతను వెళ్లిపోతే ఇంకా 40 ఎందుకు కట్టాలి? ఆడని ఏడాదికి జీతం ఇస్తారా?

లెక్కల_మాస్టారు
జీతం కాదు బాబూ, పాత బాకీ. సైనింగ్ బోనస్ ప్లేయర్ చేతికి ముందే వెళ్లిపోతుంది, కానీ క్యాప్ లెక్కలో దాన్ని గరిష్ఠంగా ఐదేళ్లకు సమానంగా పరుస్తారు. చీటీ ముందే పాడుకుని తర్వాత నెలనెలా కట్టినట్టు. డాక్‌కి 2024లో ఇచ్చిన బోనస్ 80 మిలియన్లు, అంటే 2024 నుంచి 2028 దాకా ఏడాదికి 16 చొప్పున. కాంట్రాక్ట్‌లో అన్ని ఏళ్లు లేకపోతే చివర్లో వాయిడ్ ఇయర్స్ అని ఉత్తుత్తి ఏళ్లు తగిలిస్తారు, ఆ ఏళ్లలో అతను ఆడడు, పరచడానికి చోటు కోసమే అవి. మధ్యలో మనిషి వెళ్లిపోతే మిగిలిన ముక్కలన్నీ ఒకేసారి నెత్తిన పడతాయి. డెన్వర్ వాళ్లు తమ క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్‌ని 2024లో వదిలించుకున్నప్పుడు అలా పడింది 85 మిలియన్లు, రెండేళ్లకు విడగొడితే గానీ మింగలేకపోయారు.

ఇంకో సంగతి. 2025 మార్చిలో డాక్ బేస్ శాలరీలో 45.75 మిలియన్లని మళ్లీ బోనస్‌గా మార్చి ఐదేళ్లకు పరిచారు. ఆ ఏడాది క్యాప్‌లో 36.6 ఖాళీ అయింది, మిగతా నాలుగేళ్ల మీద అదే 36.6 ఎక్కింది. కాబట్టి పార్సన్స్‌కి ఇవ్వడానికి చోటు లేదన్న మాట నేను నమ్మను. చోటు చేయాలంటే చేస్తారు. అక్కడ అడ్డొచ్చింది లెక్క కాదు, పంతం.

ప్లేనో_పద్మ
అందరూ టీమ్ వైపు నుంచే మాట్లాడుతున్నారు, డాక్ వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. 2016లో కొత్త ప్లేయర్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో నాలుగో రౌండ్, 135వ పిక్. మొదటి మూడేళ్లు స్టార్టర్‌గా ఆడి ఏడాదికి మిలియన్ కూడా తెచ్చుకోలేదు. 2020లో ట్యాగ్ మీద ఒక్క ఏడాదికి ఆడమన్నారు, అక్టోబర్‌లో జెయింట్స్ మీద చీలమండ విరిగి స్ట్రెచర్ కార్ట్ మీద ఏడుస్తూ వెళ్లాడు. ఆ మనిషి ట్యాగ్ వద్దని పట్టుబట్టడం దురాశ ఎలా అవుతుంది? ఈ లీగ్‌లో కాంట్రాక్ట్ మీద రాసిన మొత్తానికి విలువ లేదు, గ్యారంటీ ఎంత అన్నదే విలువ. టీమ్ ఎప్పుడు కావాలంటే అప్పుడు పొమ్మంటుంది, ప్లేయర్ మాత్రం చివరిదాకా కట్టుబడాలా? నన్నడిగితే క్వార్టర్‌బ్యాక్‌లకి మొత్తం గ్యారంటీయే ఇవ్వాలి.

ఫ్రిస్కో_మామ
అమ్మా పద్మా, మొత్తం గ్యారంటీ ఇచ్చి చూశారుగా క్లీవ్‌లాండ్ వాళ్లు. 2022లో క్వార్టర్‌బ్యాక్ డెషాన్ వాట్సన్‌కి 230 మిలియన్లు, పైసాతో సహా గ్యారంటీ, పైగా అతని పాత టీమ్ హ్యూస్టన్‌కి మూడు ఫస్ట్ రౌండ్ పిక్స్. ఆట లేదు, 2024లో మడమ వెనక అకిలీస్ తెగింది, వదిలేద్దామంటే వదలలేరు. 2023లో బాల్టిమోర్ క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్ అంతటివాడికి కూడా 260లో 185కే గ్యారంటీ దొరికింది. ఓనర్లు భయపడ్డారు, భయపడాలి కూడా.

ఇక శాతాల సంగతి. మహోమ్స్ 2031 దాకా సంతకం చేశాడు. 2025 క్యాప్ 279.2 మీద చూస్తే ఆ 45 మిలియన్ల సగటు 16 శాతమే. కాన్సస్ సిటీ వాళ్లు స్టార్ రిసీవర్ టైరీక్ హిల్‌ని ఐదు పిక్స్‌కి మయామీకి ఇచ్చేసి కూడా వరసగా రెండు సూపర్ బౌల్స్ (లీగ్ ఫైనల్స్) గెలిచారు. మనవాడు నాలుగేళ్లకే సంతకం చేస్తానంటాడు, క్యాప్ పెరిగిన ప్రతిసారీ మళ్లీ బేరానికి కూర్చుంటాడు. లాభం ఎవరికి?

గుంటూరు_గన్‌స్లింగర్
మధ్యలో 2023లో మహోమ్స్‌కి డబ్బు ముందుకు జరిపి మళ్లీ రాశారు మామా, 2026 దాకా నాలుగేళ్లకు 210 పైన. పదేళ్ల కాగితం కూడా కదలకుండా ఉండదు. అయినా పదేళ్లకి సంతకం పెట్టే క్వార్టర్‌బ్యాక్ ఇంకొకడు దొరకడు, ఆ దారి మర్చిపో.

నువ్వు చూడాల్సింది ఫిలడెల్ఫియా ఈగల్స్‌ని. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ హర్ట్స్‌కి 2023 ఏప్రిల్‌లోనే, అందరికంటే ముందు, ఐదేళ్లకు 255 ఇచ్చేశారు. ఆప్షన్ బోనస్‌లు (తర్వాతి ఏళ్లలో ఇచ్చే బోనస్‌లు), వాయిడ్ ఇయర్స్ పెట్టి 2024లో అతని క్యాప్ హిట్‌ని (ఆ ఏడాది క్యాప్‌లో పడే మొత్తాన్ని) 14 మిలియన్ల లోపు ఉంచారు. ఆ చోటుతో చుట్టూ టీమ్ కట్టి, సూపర్ బౌల్‌లో మహోమ్స్‌నే 40-22 కొట్టారు. వాళ్లేం అప్పు చేయలేదా? మనకంటే ఎక్కువే చేశారు. కాకపోతే రేటు పెరగకముందు చేశారు. మనవాళ్లు డాక్‌ని ఆపారు, రిసీవర్ ల్యాంబ్‌ని 2024 ఆగస్టు చివరిదాకా ఆపారు, పార్సన్స్‌ని ఆపి ఆపి పోగొట్టుకున్నారు. గ్రీన్ బే నాలుగేళ్లకు 188 ఇచ్చింది. జీఎం (టీమ్ కట్టే మేనేజర్), ఓనర్ ఒకడే అయితే ఇంతే, ఆలస్యానికి ఉద్యోగం పోతుందన్న టెన్షన్ ఉండదు కదా.

ఫ్రిస్కో_మామ
డాలస్‌లో కూర్చుని ఈగల్స్‌ని చూసి నేర్చుకోమంటున్నావు, నీ ధైర్యానికి దండం. సరే, ఒక్కటి చెప్పు. సంతకం పెట్టినప్పుడు హర్ట్స్‌కి 24 ఏళ్లు, డాక్‌కి 31. బాకీ తీరేలోపు హర్ట్స్ ఇంకా ఆడుతూనే ఉంటాడు. మనవాడి కాంట్రాక్ట్ 2028తో అయిపోతుంది, అప్పటికి 35. మాస్టారు చెప్పిన ఆ 45.75లో ఆఖరి ముక్క పడేది 2029లో. ఆ ఏడాది బాల్ ఎవరు విసురుతారు?